బీదర్ నుంచి ఆదిలాబాద్‌కు, గాలిలో

మా మేనమామ మొన్న తెల్లవారుజామున నాంపల్లిలోని ఇంట్లో కాలం చేశాడు. పరామర్శకు ఆబిడ్స్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, అందరాని దూరాలకు వెళ్లిపోయారని అన్నాడు. మామ వినలేదు కనుక సరిపోయింది. వింటే, ఎన్ని మైళ్లో చెప్పి ఏడవమనేవాడు.

ఆయన బడిలో భూగోళం చెప్పేవాడు. భూమి గుండ్రంగా ఉంటుందని నాకు బత్తాయి చూపించి నేర్పింది ఆయనే. పాఠం అయ్యాక బత్తాయి నాకే ఇచ్చేవాడు. ఆ రుణం ఉండిపోయింది. పుట్టి విమానం ఎక్కిన మనిషి కాదు, కానీ వేరే ప్రయాణమేదీ ఆయన లెక్కలోకి వచ్చేది కాదు. పటం మీద దారం పరిచి, ఏ ఊరికైనా ఎగిరి వెళితే ఎంతసేపో చెప్పేవాడు. చాదర్‌ఘాట్‌లో జట్కా దొరక్క వానలో నిలబడ్డ మా అమ్మకు, ఎగిరితే ఇల్లు నిమిషం కూడా లేదని ధైర్యం చెప్పిన మహానుభావుడు. పాఠకులు క్షమించాలి, అమ్మ క్షమించలేదు.

ఆయన బీదర్‌లో పనిచేస్తున్న రోజుల్లో ఒక్కగానొక్క కూతురికి ఆదిలాబాద్ సంబంధం వచ్చింది. అత్తకు ఇష్టం లేదు.

"గంత దూరమిస్తే బిడ్డను సూసొచ్చుడెట్ల?" అంది.

మామ పటం పరిచాడు. దారానికి బీదర్ దగ్గరొక ముడి, ఆదిలాబాద్ దగ్గరొక ముడి వేసి, తెంపి ఆమె చేతిలో పెట్టాడు.

"గిదే దూరం. రెండు ఊర్లల్ల విమానం దిగే జాగలున్నయి. గంట గూడ పట్టది. పొద్దున పోయి, బిడ్డ చేతి అన్నం తిని, మాపటికి రావచ్చు."

జాగలున్న మాట నిజమే. బీదర్ మైదానంలో నేను చూసినంతలో బర్రెలు దిగేవి. ఆ రెండు ఊళ్ల మధ్య విమానం ఎవరైనా నడుపుతున్నారా అని ఒక్కరూ అడగలేదు. చదువుకున్న మనిషి పటం ముందుంచి చెబుతుంటే అడగడం మర్యాద కాదు కదా. పెళ్లి పందిట్లో వియ్యంకుడికి కూడా ఆ గంట ప్రయాణం వర్ణించాడు.

ఏడాది తిరక్కుండానే, బిడ్డకు జ్వరం ముదిరింది రమ్మని తంతి వచ్చింది. ఇద్దరూ బీదర్ బండి దిగి, రెండో బండి కోసం పోతూ నాంపల్లి స్టేషన్‌లో కాసేపు ఆగారు. నేను అన్నం తీసుకెళ్లాను. అత్త మూట మీద కూర్చుని పట్టాల వైపే చూస్తోంది. మామ గడియారం చూశాడు.

"ఎగిరిపోతే గిప్పటికి దాన్ని సూసి వాపసొచ్చేటోల్లం" అన్నాడు.

వాళ్లు చేరేసరికి దహనం అయిపోయింది, వాకిలి కడుగుతున్నారు. వియ్యంకుడు ఎదురొచ్చి, "విమానం లేటైనట్టున్నది గదా బావా" అన్నాడట. ఈ మాట మామే మాకు చెప్పాడు, ఒక్కసారే. దారం మళ్లీ పట్టలేదు.

ఉద్యోగం ముగించుకుని నాంపల్లి వచ్చేనాటికి, బేగంపేట విమానాలు మా మిద్దెల మీదుగా పోతున్నాయి. చప్పుడు వినగానే అత్త వంటింట్లోంచి, "బిడ్డ కాడికే పోతున్నది, ఎక్కరాదుండ్రి" అనేది.

మామ తల పైకెత్తకుండా విని, "గది మద్రాసుకు" అనేవాడు.

ఆలుమగల మధ్య ఇంకో సంభాషణ నేను వినలేదు.

మొన్న చాప మీద పడుకోబెట్టాక, కాలి బొటనవేళ్లు కట్టడానికి దారం కావాలన్నారు. ఎవరో బజారుకు లేచారు. అత్త ఆగమని, తన పెట్టె అడుగు నుంచి ఆ దారం తీసింది. ముడులు రెండూ అలాగే ఉన్నాయి. ఎవరినీ ముట్టనివ్వకుండా తనే వేళ్లు దగ్గరికి లాగి, బిగించి కట్టింది. ఒక వేలి మీద బీదర్, పక్క వేలి మీద ఆదిలాబాద్. మధ్యన వెంట్రుక దూరేంత చోటు లేదు.