తక్కువ ధర చెప్పిన గిటారు

కోరుట్లలో ఆ గిటారు ధర వినగానే మా బాపు మంచం మీది నుంచి లేచి నిలబడ్డాడు. ఎక్కువ చెప్పినందుకు కాదు, తక్కువ చెప్పినందుకు.

"పోదాం పా బిడ్డా," అన్నాడు నాతో. ఇంటాయన వైపు చూడను కూడా లేదు.

నాకు కదలబుద్ధి కాలేదు. గిటారు ఇంకా నా ఒడిలోనే ఉంది. అలాంటిది ఆ ధరకు ఇంకెక్కడా దొరకదని నాకు తెలుసు. తెలుసు గనకే నాకూ లోపల ఏదో గుచ్చుకుంటోంది.

అప్పటికి నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో టీచరును. మాది సిరిసిల్ల. బాపు సాంచలు బాగుచేసేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. షెడ్డులో నలభై సాంచలు ఒక్కసారిగా మోగుతున్నా, ఫలానా మూలది తప్పుగా మోగుతోందని గడపలో నిలబడే చెప్పేవాడు. మనుషుల దగ్గరా ఆయనది అదే పద్ధతి. ఎవరేం మాట్లాడినా ముందు అందులో తేడా కోసం వినేవాడు. ఆ రోజుల్లో మా వైపు చాలామంది అలాగే వినేవాళ్ళు. పొద్దున అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చిపోయిన ఊరికి సాయంత్రం పోలీసులు వచ్చేవాళ్ళు. ఎవరితో ఏం మాట్లాడావని ఇద్దరూ అడిగేవాళ్ళు.

గిటారు పిచ్చి నాకు టీచరు ట్రైనింగులో ఉండగా పట్టింది. మా హాస్టలు వార్డెను ఒక కేరళ సిస్టరు. ఆదివారం ప్రార్థనలో ఆమె గిటారు వాయిస్తుంటే వెనక వరసలో కూర్చుని ఆమె వేళ్ళనే చూసేదాన్ని. ఒకరోజు పిలిచి దాన్ని నా చేతికిచ్చింది. ఇక ట్రైనింగు అయిపోయేదాకా ఓపికగా నేర్పింది. హాస్టలు వదిలి వచ్చేటప్పుడు ఒక మాట చెప్పింది. "నువ్వు కొనుక్కునేటప్పుడు మెరుపు చూడకు. మెడ వంకరగా ఉందేమో చూడు. తీగలు మెట్లకు ఎంత ఎత్తున ఉన్నాయో చూడు. ఒక్కో మెట్టు మీద ఒక్కో తీగా మీటి విను. జిర్రుమంటే వద్దను."

ఉద్యోగం వచ్చాక నెలనెలా కొంచెం దాచాను. ఎనిమిది వందలయ్యాక బాపును జగిత్యాలకు రమ్మన్నాను. ఆయన గిటారును దగ్గరగా చూసింది లేదు. కానీ కొయ్య సంగతీ, బిగువు సంగతీ ఆయనకు తెలిసినంతగా నాకు తెలియదు.

మొదట జగిత్యాల బజారులోనే చూశాం. రేడియోలతో పాటు పెళ్ళి బ్యాండు సామాను కూడా అమ్మే దుకాణం. దుకాణదారు అద్దాల బీరువాలోంచి ఎర్రటి గిటారు తీశాడు. నిగనిగలాడుతోంది.

"కలకత్తా మాల్ మేడం. తొమ్మిది వందలు. మీకని ఎనిమిది వందలకిస్త."

నా దగ్గర ఎంతుందో ఇతనికెలా తెలిసిందా అని ఒక్క క్షణం అనిపించింది. బాపు గిటారు అందుకుని, ఒక కన్ను మూసి, మెడ వెంట చివరిదాకా చూశాడు. తర్వాత గుండ్రటి రంధ్రంలోంచి లోపలికి చూశాడు. లోపల అంటించిన కంపెనీ చీటీ ఒక మూల లేచి ఉంది. దాని కింద ఇంకో చీటీ ఉంది.

"గిదేంది?" అన్నాడు బాపు.

"పాత లేబిల్ గావచ్చు కాకా."

"కొత్తదానికి పాత లేబిల్ ఎట్లుంటది?"

దుకాణదారు నవ్వి, నన్ను వాయించి చూడమన్నాడు. నేను మెట్టు మెట్టుకూ మీటి చూశాను. మెడ కింది భాగానికి వచ్చేసరికి తీగలు మరీ ఎత్తున ఉన్నాయి, నొక్కితే వేలు తెగేలా ఉంది. ఐదో మెట్టు దగ్గర జిర్రుమంది.

"వాయించంగ వాయించంగ సాఫయితది మేడం."

బాపు దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "తప్పు మోగేది వాయించంగ వాయించంగ ఇంకింత తప్పు మోగుతది," అని బయటికి నడిచాడు.

కోరుట్ల సంగతి మా బడిలో తోటి టీచరు చెప్పింది. దుబాయ్‌లో డ్రైవరుగా చేసి వచ్చినాయన దగ్గర గిటారుందట, అమ్ముతాడట. మరుసటి వారం బాపూ నేనూ వెళ్ళాం. ఆయన తలుపు సగమే తీసి, మేమెవరమో రెండుసార్లు అడిగి, అప్పుడు లోపలికి రానిచ్చాడు.

ఆ గిటారుకు మెరుపే లేదు. లేత తేనె రంగు కొయ్య, అంచున ఒక గీత. మెడ చక్కగా ఉంది. తీగలు బిగించే బిరడాలు నూనె రాసినట్టు తిరిగాయి. తీగలు వేళ్ళకు అందేంత కిందుగా ఉన్నాయి, అయినా ఎక్కడా జిర్రుమనలేదు. ఒక్క తీగ మీటి చేయి తీస్తే, నాదం గదిలో చాలాసేపు నిలిచింది. ఇలాంటిది వెయ్యికి తక్కువ రాదనుకున్నాను.

"నాలుగు వందలియ్యుండ్రి," అన్నాడాయన.

అప్పుడే బాపు లేచింది.

"నా గదిల ఉండే గోవా ఆయన ఇంటికి పోవుకుంట ఇచ్చిండు. మా ఇంట్ల ఎవలకూ రాదు," అని ఆయన గబగబా చెప్పుకుపోయాడు. "సంచి ఉన్నది గని సంచిల ఏస్కపోకుండ్రి. చద్దర్ల చుట్టిస్త. ఇయ్యాల్నే తీస్కపోతరా? ఎవలన్న అడిగితె మా ఇల్లు మాత్రం చెప్పకుండ్రి."

మాట్లాడుతూ మాట్లాడుతూ రెండుసార్లు లేచి గల్లీలోకి తొంగి చూశాడు. ఆయన భార్య వంటింటి గడపలో నిలబడి, మా వైపు కాకుండా ఆయన వైపే చూస్తోంది.

రోడ్డెక్కాక బాపు అన్నాడు, "దొంగ సామానన్న గావాలె, ఇంకేదన్న లొల్లన్న ఉండాలె. మనకద్దు."

నేను సరేనన్నాను. కానీ ఆ వారమంతా నల్లబల్ల మీద రాస్తున్నా నా వేళ్ళకు ఆ తీగలే గుర్తొచ్చాయి. ఆదివారం బాపుకు చెప్పకుండా ఒక్కదాన్నే కోరుట్ల బస్సెక్కాను. వెళ్ళేసరికి ఇంటాయన లేడు. భార్య ఉంది. నన్ను వంటింట్లో కూర్చోబెట్టి చాయ్ పెట్టింది.

"అక్కా, గిటారుకు ఏం దోషమున్నది? నిజం చెప్పు," అన్నాను.

ఆమె స్టవ్ మంట తగ్గించింది. "దానికేం దోషం లేదు చెల్లె. అన్నల పాటలు పాడుకుంట ఊర్లు తిరిగేటోళ్ళు అచ్చి అడిగిన్రు. ఇయ్యమని ఎట్లంటం? మా ఆయన ఇచ్చిండు. నాలుగు దినాలకు మంచిగనే తెచ్చిచ్చిన్రు. తెల్లారి పోలీసోళ్ళు అచ్చి ఆయనను తీస్కపోయిన్రు. పొద్దుమూకెదాక స్టేషన్ల కూసోబెట్టిన్రు. మల్ల ఆ పాటలోళ్ళు అచ్చి అడిగితె ఎట్ల? లేదని చెప్పాల్నంటె ఇంట్ల లేకుంట ఉండాలె గద. గిది నీకు చెప్పకుంట అమ్ముతె నాకు అన్నం దిగదు."

చాయ్ చల్లారిపోయింది. అక్కడి నుంచి నేను నేరుగా సిరిసిల్ల వెళ్ళాను. బాపు అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఒక్కదాన్నే వెళ్ళినందుకు తిడతాడనుకున్నాను. అంతా విని తువ్వాలతో నిదానంగా చేతులు తుడుచుకున్నాడు.

"గా మాట ముందుగాల్నే చెప్తె నేనెందుకు లేస్త?" అన్నాడు. "కొయ్య మంచిదే. మనుషులు మంచోళ్ళే. భయం ఒక్కటుంటది, అది మన కాడ ఎవలింట్ల లేదు?" తువ్వాల దండెం మీద వేసి, "గని బిడ్డా, అడిగినోళ్ళందరికీ ఉన్నదని చెప్పకు," అన్నాడు.

మళ్ళీ ఇద్దరం వెళ్ళి కొన్నాం. చద్దరులో చుట్టడానికి బాపు ఒప్పుకోలేదు. దాస్తే ఇంకా అనుమానమని సంచిలోనే పెట్టించాడు. జగిత్యాల పొలిమేరలో పోలీసులు బస్సు ఆపారు. ఒక కానిస్టేబుల్ సంచి విప్పించి, గిటారును అటూ ఇటూ ఊపాడు. లోపల ఏదో టకటకమంది.

"ఏముంది లోపల?"

బాపు వైపు చూశాను. అది ముందు నుంచీ ఉందా, ఈ మధ్య ఎవరైనా పెట్టారా? ఆ ఇంట్లో మేము ఊపి చూడలేదు. బస్సులో వాళ్ళంతా మాకు కొంచెం దూరం జరిగారు. బాపు గిటారు అందుకుని బోర్లించి, తీగల సందులోంచి పడేదాకా ఓపికగా కదిలించాడు. చివరికి ఆయన అరచేతిలో చిన్న ప్లాస్టిక్ ముక్క పడింది. తీగలు మీటడానికి వాడే ముక్క. ఆ గోవా ఆయనదై ఉంటుంది. కానిస్టేబుల్ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, తిరిగిచ్చి, నా పేరూ బడి పేరూ రాసుకుని బస్సు వదిలాడు.

ఆ రాసుకోవడం నన్ను చాలా రోజులు వదల్లేదు. బడి నుంచి వచ్చాక కిటికీ మూసి, మెల్లగా వాయించుకునేదాన్ని. అయిపోగానే పరుపుచుట్టలో దాచేదాన్ని.

నెల తిరక్కముందే ఒక శనివారం మధ్యాహ్నం నా గదికి ఇద్దరు వచ్చారు. ఒకతను గడ్డం మనిషి, భుజాన సంచి. వెంట నా వయసు ఆడపిల్ల. చెప్పులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి, చాలా దూరం నడిచినట్టు.

"మీ కాడ గిటారున్నదట గద టీచరమ్మా?" అన్నాడతను.

"ఎవలు చెప్పిన్రు?"

"కోరుట్ల అక్క."

తలుపు మీద చేయి వేసి అడ్డంగా నిలబడ్డాను. "లేదు. అమ్మేసిన."

"ఎవలకు?"

"తెల్వదు. బస్టాండుల ఒకాయనకు."

అతను తలాడించాడు. ఆ అమ్మాయి మాత్రం తలుపు మీద ఉన్న నా ఎడమ చేతిని చూస్తోంది. వేళ్ళ కొసలు కాయలు కాసి ఉన్నాయి. చేయి వెనక్కి తీసుకున్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పది రోజులు గిటారు ముట్టలేదు. గల్లీలో మోటారుసైకిలు ఆగితే పోలీసులనుకున్నాను, ఎవరైనా నడిచి వస్తే వాళ్ళనుకున్నాను. చివరికి భయం కోపంగా మారి కోరుట్ల వెళ్ళాను.

"వాళ్ళను నా మీదికెందుకు తోలినవ్ అక్కా?" అని గుమ్మంలోనే అడిగాను.

ఆమె తెల్లబోయింది. "ఎవలను? కథలాపూర్ అన్నాచెల్లెండ్లనా? కూలి చేస్కునేటోళ్ళు చెల్లె. వాళ్ళ చర్చిల పండుగకు వాయించేటోళ్ళు లేరంటె నీ పేరు చెప్పిన. రాలేదా ఏంది?"

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బస్సు ఖర్చులు పెట్టుకుని, ఎండలో అంత దూరం నడిచి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

తర్వాతి ఆదివారం గిటారు తీసుకుని కథలాపూర్ వెళ్ళాను. రేకుల కప్పు చర్చి. ఆ గడ్డం మనిషి బయట చాపలు దులుపుతున్నాడు. నన్నూ, నా భుజాన ఉన్న సంచినీ చూసి చాప పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అబద్ధం చెప్పిన. మీరు అన్నలనుకున్న," అన్నాను. అంతకన్నా మర్యాదగా ఎలా చెప్పాలో తెలియలేదు.

అతను వెంటనే నవ్వలేదు. "మా చెల్లె నీ వేళ్ళు చూసింది. గింత సాఫుగ అబద్ధమాడుతున్నదంటె పోలీసోళ్ళ మనిషేమో అనుకున్నం. మా పేర్లు చెప్పలేదు గద అని బస్సుల పోయేదాక యాది చేసుకున్నం," అన్నాడు.

అప్పుడు నాకు నవ్వొచ్చింది. అతని చెల్లెలు లోపలి నుంచి నీళ్ళ చెంబు తెచ్చిచ్చింది. గిటారు శ్రుతి చేసుకుని వాయించాను. ఆడవాళ్ళు పాటను నాకంటే ఒక మెట్టు పై శ్రుతిలో ఎత్తుకున్నారు. మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. మూడోసారికి కుదిరింది.

ఆ తర్వాత రెండేళ్ళు నెలకోసారి కథలాపూర్ వెళ్ళాను. ఆ అమ్మాయికి గిటారు పట్టుకోవడం నేర్పాను. నాకంటే తొందరగా నేర్చుకుంది. ఆమె అన్న మాత్రం నేనెప్పుడు వచ్చినా బస్సు దాకా తోడొచ్చి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడేవాడు. మర్యాదకు నిలబడేవాడో, నేను నిజంగా జగిత్యాలకే పోతున్నానో లేదో చూసుకోవడానికి నిలబడేవాడో, నేనెప్పుడూ అడగలేదు.