తువాలు కింద జీతాలు

జగ్గయ్యపేటలో మా నాన్నది కిరాణా కొట్టు. నాకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చింది. ఎదుటివాడు పది అంటే మనం నాలుగు అనాలి, వాడు ఏడుపుమొహం పెడితే మనం లేచి చెప్పులేసుకోవాలి. ఇంతకుమించి ఏమీ రాని నేను పందొమ్మిదివందల అరవైల మొదట్లో నందిగామ రోడ్డు మీద ఒక చిన్న ఊళ్ళో సొంత కొట్టు పెట్టాను. అరువిచ్చిన పుణ్యాన ఆ ఊరి పంచాయతీకి మెంబరునయ్యాను.

పంచాయతీకి ఉన్నది ముగ్గురు. పన్నులు వసూలు చేసే బిల్లు కలెక్టరు, వీధి లాంతర్లు వెలిగించే అతను, వీధులూడ్చి మురుక్కాలవలు తీసే ఆమె. ఎవరి జీతం ఎందుకంతో ఎవరికీ తెలియదు. అందరికంటే తక్కువ ఆమెకి, నెలకి పదిహేను.

ఒకరోజు నందిగామ నుంచి ఒక ఆఫీసరు గీతలు గీసిన కాగితం తెచ్చాడు. "మనిషిని చూడకండి, పనిని చూడండి. చదువెంత కావాలి, బాధ్యతెంత, ఒళ్ళు కష్టమెంత, కంపెంత. ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులెయ్యండి. వాటిని బట్టి జీతం కట్టండి" అని చెప్పి బస్సెక్కాడు.

ప్రెసిడెంటూ నేనూ కూర్చుని నిజాయితీగా, అంటే ఏమొస్తుందో ముందు ఆలోచించకుండా, మార్కులు వేశాం. కూడితే ఊడ్చే ఆమె పని అన్నిటికంటే పైకొచ్చింది.

ప్రెసిడెంటు పెద్ద రైతు. కాగితం తిప్పి వెనకేమైనా రాసుందేమోనని చూశాడు. "ఏంటండీ షావుకారూ ఇది? దానికి అందరికంటే ఎక్కువిస్తే రేపు నా చేలో కలుపు తీసేవాళ్ళు ఎంతడుగుతారు?"

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. "మార్కులు మార్కులేనండీ, జీతం మాత్రం బేరమే కదా. ముగ్గుర్నీ పిలిచి ఆడేద్దాం" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

పశువుల సంతలో బేరం నోటితో ఆడరు. చేతుల మీద తువాలు కప్పి, కింద వేళ్ళు నొక్కుతారు. పక్కవాడికి ధర తెలియదు. ఒకరి జీతం ఇంకొకరికి తెలియకుండా పంచాయతీ ఆఫీసు వరండాలో అదే పద్ధతి పెట్టాం, వేలికి పది రూపాయలు. తువాలు నాది.

బిల్లు కలెక్టరు నా ఐదు వేళ్ళూ నొక్కాడు. నేను మూడు నొక్కాను. నాలుగు దగ్గర తెగింది. లాంతర్ల అతను "కిరసనాయిలు కంపుకి అన్నం సయించట్లేదండీ షావుకారు గారూ" అంటూ వేలు వేలుకీ ఏడ్చి మూడు దాకా లాగాడు.

ఊడ్చే ఆమె వరండా బయటనుంచి ఇదంతా చూస్తూనే ఉంది. వంతు రాగానే చేతులు రెండూ పమిటకి తుడుచుకుని, మెట్టు కిందే నిలబడి, కుడిచెయ్యి చాపింది.

తువాలు నా ఒళ్ళోనే ఉంది. నా చెయ్యి లేవలేదు. ప్రెసిడెంటు వైపు చూశాను. ఆయన గోడ చూస్తున్నాడు.

"ఇరవై" అన్నాను, నోటితోనే, వరండాలో వాళ్ళందరికీ వినపడేలా.

ఆమె చెయ్యి అలాగే ఉంచింది. "అదేంటి బాబూ, నాతో బేరమాడరా? ఐదు నొక్కుదామనుకునొచ్చా. మీరు తగ్గిస్తే మూడుకి ఒప్పుకుందామనుకున్నా."

"ఐదు రూపాయలు పెరిగిందిగా, ఇంక పో" అన్నాడు ప్రెసిడెంటు.

"పెరిగిందిలెండి. కొట్లో కాణీ బెల్లానికి నాతో గంట బేరమాడతారుగా ఈ బాబు, అందుకని అడిగా" అంది. చాపిన చేతిని మళ్ళీ పమిటకి తుడుచుకుని చీపురు తీసుకుంది.

ఆమె వెళ్ళాక తీర్మానం రాశాం. 'పనిని పరిశీలించి జీతములు నిర్ణయించడమైనది' అని. ఆ వాక్యం నేనే చెప్పి రాయించాను. కంపు గడిలో ఆమె పనికి పదికి పది వేసిందీ నేనే.

మర్నాడు ఆమె బెల్లానికొచ్చింది. నేను అలవాటు కొద్దీ అణా ఎక్కువ చెప్పాను, బేరంలో తగ్గించడానికి. ఆమె బేరమాడకుండా అడిగినంతా బల్ల మీద పెట్టి, పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది.

వెనక్కి పిలిచి ఆ అణా ఇవ్వొచ్చు. పిలవలేదు. గల్లాపెట్టెలో వేసుకున్నాను.