ఏ చెట్టుది బిడ్డా?

పన్నెండేళ్లుగా వైరా దగ్గర ఒక మిర్చి సాస్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తున్నాను. సాస్‌లో నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచే తెల్ల పొడిని ఎన్ని బస్తాలు పరీక్షించానో! బస్తా మీద ఒక నంబరు ఉంటుంది. నాకు అది నంబరే.

ఈమధ్య ఢిల్లీ నుంచి ఒక ముసాయిదా వచ్చింది. అతిగా ప్రాసెస్ చేసిన తిండి అంటే ఏమిటో తేల్చడానికి తయారీదారుల అభిప్రాయం అడిగారు. ఇంటి వంటగదిలో ఉండని పదార్థం కలిస్తే ఆ సరుకు అలాంటి తిండి జాబితాలోకి పోతుందట, ప్యాకెట్ మీద హెచ్చరిక వేయాలట. మా ఓనర్ మండిపడ్డారు.

"ఆ పొడి మానేద్దాం. ఏ ఇంట్లో వాడతారమ్మా దాన్ని? అసలెక్కడిదో కనుక్కుని జవాబు నువ్వే రాయి."

కనుక్కుంటే ఏం తేలింది? దుమ్ముగూడెం అవతల అడవిలో తపసి చెట్టు బంకను దంచిన పొడి! ఇంత దగ్గరిది ఇన్నేళ్లూ తెలుసుకోనందుకు సిగ్గేసి, బయల్దేరి వెళ్లాను.

బంక ఏరి అమ్మే ఒక కోయ అవ్వ వాకిట్లో కూర్చోబెట్టింది. మేం కొనడం మానేస్తామేమో అని చెప్పాను. బంకకు అంటిన బెరడు గోటితో గిల్లుతూ, "కంపెనోళ్లు కొనకపోతే ఎట్ల బిడ్డా? ఎండకాలమంత దీని మీదనే బతుకుడు" అంది.

"ఇంట్ల వాడతరా అవ్వా?"

"అవ్. ఏంది, గట్ల అడుగుతవ్?"

లోపలికి వెళ్లి గిన్నె తెచ్చింది. చిటికెడు బంక నానేసిందట. అది ఉబ్బి, గిన్నె నిండి, వడగళ్ల కుప్పలా మెరుస్తోంది. అమ్మో! చెట్టు కార్చిన చుక్క ఇన్ని నీళ్లు పట్టుకుంటుందా? బెల్లం కలిపి నా చేతికిచ్చింది. చల్లగా గొంతు దిగింది. వంటింటిదే కదా, జవాబు దొరికిందని పొంగిపోయాను.

ఆ హుషారులో మా సాస్ ప్యాకెట్ తీసి చూపించాను. "నీ బంక దీంట్లకే పోతది."

"ఇంకేమేం కలుపుతరు?"

చదివాను. మిరపకాయ, చక్కెర, ఉప్పు, బంక. దాని కింద ఇంకో పేరు.

"అది ఏ చెట్టుది బిడ్డా?"

వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. ఎంత కలపాలో నాకు కంఠతా వచ్చు. ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు. తర్వాతి పేరుకీ అదే ప్రశ్న. ఆరు పేర్లకూ "తెల్వదవ్వా" అన్నాను. తల కొట్టేసినట్టయింది.

అవ్వ నవ్వలేదు. "చేసేది నువ్వే కద" అంది.

తిరిగొచ్చి జవాబులో రెండే ముక్కలు రాశాను. బంక వంటింటిదే, జాబితా నుంచి దాన్ని తప్పించండి. ఎక్కడిదో చేసేవాళ్లే చెప్పలేని ప్రతిదాన్నీ జాబితాలో పెట్టండి.

ఓనర్ చదివి, "మన సాస్‌కే ఎసరు పెడతావా?" అని కాగితం విసిరికొట్టారు. నేను ప్యాకెట్ ముందుకు జరిపాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని బంక కింది పేరు మీద వేలు పెట్టారు.

"ఇదెక్కడిదమ్మా?"

"తెలియదు సార్."

వేలు కిందికి జరిగింది. "ఇది?"

"తెలియదు సార్."

చివరి పేరు దాకా ఇలాగే అడిగారు. తర్వాత విసిరిన కాగితం తీసి సంతకం పెట్టారు.

"పంపించు. బంక మాత్రం ఉంచి, ఆ ఆరూ లేకుండా ఒక్కసారి చేసి చూడు."