గోపన్న లెక్కపెట్టిన అయిదు

మా ఆలూరులో ధాన్యం కొలిచే గోపన్న లెక్కకు తిరుగు లేదు. రాశి ఎవరిదైనా, కొనేది ఎవరైనా, ఆయన శేరు పట్టాడంటే ఇద్దరూ నోరు మూసుకుని ఒప్పుకునేవారు. సెంటు పొలం లేని మనిషికి ఆ పేరే ఆస్తి. అందుకే 1956లో మా బడికి బాస్కెట్‌బాల్ వచ్చినప్పుడు, డ్రిల్లు మాస్టారు మహానంది ఇంకెవరినీ వెతక్కుండా ఈల తీసుకెళ్లి ఆయన మెడలో వేశాడు.

నియమాలన్నీ గోపన్న వారంలో నేర్చేసుకున్నాడు. అన్నిటికన్నా నచ్చింది ఒకటి. బంతి పట్టుకున్నవాడికి ఎదుటి జట్టువాడు చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా అడ్డం నిలిస్తే, అయిదు సెకన్లలోగా బంతిని ఎవరికైనా అందించాలి, బుట్టలోకి వేయాలి, లేదా నేలకు కొడుతూ కదలాలి. ఏదీ చేయకపోతే ఈల. అప్పుడు ఆ ఇద్దరి మధ్యా బంతి పైకి ఎగరేస్తారు, ఎగిరి తమవాళ్ల వైపు తట్టినవాడి జట్టుకే బంతి.

"అయిదు దాకా లెక్కబెట్టేది గూడా నాకు నేర్పల్లనా సామీ?" అన్నాడు గోపన్న.

బనగానపల్లె జట్టు వచ్చిన రోజు ఊరంతా మైదానం చుట్టూ చేరింది. ఆఖరి నిమిషంలో మేము ఒక్క పాయింటు వెనకబడి ఉండగా బంతి నా చేతికి వచ్చింది. వాళ్ల ఏసేపు, తాటిచెట్టంత మనిషి, నా ముక్కు మీదికి వచ్చి నిలబడ్డాడు. గోపన్న లెక్క మొదలుపెట్టాడు.

"లాభం... లాభం..."

రాశి దగ్గర ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఏ అంకెనైనా శేరు నిండి పైన కుప్ప కట్టేదాకా సాగదీస్తారు. ముప్ఫయ్యేళ్ల అలవాటు మరి. నేను అటు ఊగాను, ఇటు ఊగాను, తీరిగ్గా ఊపిరి కూడా పీల్చుకున్నాను. ఆయన నాలుగు దగ్గరుండగా ఏసేపు చంక కింద దూరి బంతి బుట్టలో వేశాను. ఊరు గంతులేసింది.

ఏసేపు మాత్రం కదల్లేదు. "ఏమన్నా, మీ ఊర్లో అయిదు ఇంత పొడుగుంటాదా?"

గోపన్న మొహం మాడిపోయింది. ఆ మాట ఆయన్ను ఎవరూ ఎప్పుడూ అనలేదు. మాస్టారిని గడియారం చూడమని, అందరి ముందూ మళ్లీ అలాగే లెక్కపెట్టాడు. నాలుగు అనేసరికే పది సెకన్లయింది.

"నా కొలత తప్పింది. ఆ బుట్ట చెల్లదు," అని ఏసేపుకూ నాకూ మధ్య బంతి ఎగరేశాడు. ఏసేపుతో పోటీపడి నేనేం ఎగురుతాను? ఓడిపోయాం. నాకు ఏడుపొచ్చింది.

మా నాయన మండిపడ్డాడు. "సొంతూరోళ్ల నోట్లో మన్ను కొడితివి గదప్పా. ఇంగ మా కల్లంలో అడుగు పెట్టొద్దు."

గోపన్న తల వంచుకుని వెళ్లిపోయాడు.

జొన్నలు నూర్చాక నాయనకూ చిన్నాయనకూ పంపకం వచ్చింది. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. ఎవరు కొలవాలన్న దగ్గర రెండు రోజులు పని ఆగిపోయింది. మూడో పొద్దున నాయన తువ్వాలు భుజాన వేసుకుని గోపన్న ఇంటికి బయలుదేరాడు. వెనకే నేను.

"రాప్పా, రాశి కొలుద్దువు," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"నన్ను రావద్దంటివి గదా."

"అంటి. నువ్వు కొలిస్తేనే మా తమ్ముడు నమ్ముతాడంట." నాయన గుమ్మం పక్కనున్న శేరు తీసి చంకన పెట్టుకున్నాడు. "నేనూ అంతే."