ఇగ తియ్యన్నా

"మీ ఉస్తాద్ పోయిండు," అన్నాడు మిల్లు గేటు దగ్గర కాపలావాడు. నేను సైకిలు దిగకుండానే, "యాడికి పోయిండు? భైంసాల పత్తి అమ్మవోయిండా?" అన్నాను. నోరు ఊరుకోదు నాది. కాపలావాడు నవ్వలేదు. సైకిలు హ్యాండిలు పట్టుకుని ఆపాడు. "కామెర్లు ముదిరినయట. తెల్లారంగ పానం పోయింది. వాళ్ల ఊరి మనిషి వచ్చి చెప్పి పోయిండు," అన్నాడు.

చావు కబురు మీద పరాచికమాడిన మొనగాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ సిగ్గుతోనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. చదివే కొద్దీ అది పెరిగేదే గాని తగ్గేది కాదు.

ఉస్తాద్ అంటే గడ్డం నెరిసిన మనిషి అనుకునేరు. నాకంటే పదేళ్లు చిన్న. బోథ్ పక్క పల్లె, మిషన్ చర్చికి పోయే కుటుంబం. తండ్రి పరాయి పొలాల్లో కూలి. బొంబాయిలో ఆర్గాన్ వెల్డింగు నేర్చుకుని వచ్చాడు. మా కాగితపు మిల్లులోకి తుప్పు పట్టని ఉక్కు గొట్టాలు దిగినప్పుడు వాటిని అతకగల మనిషి అతనొక్కడే. నేనేమో ఏడో తరగతి తప్పి, గ్యాసు వెల్డింగులో తల నెరిసినవాణ్ణి. ఈ పిలగాడి కింద నేర్చుకోమని మేస్త్రీ అంటే ఒళ్లు మండింది. ఎగతాళికే "సలాం ఉస్తాద్" అన్నాను. అతను ఎగతాళిని పక్కకు నెట్టి మర్యాదనే తీసుకున్నాడు. "సలాం అన్నా," అన్నాడు. కొన్నాళ్లకు ఎగతాళి ఎగిరిపోయింది, పిలుపు మిగిలింది.

ఊరికే లొంగానా? ఒకరోజు అతను కరిగించి పోసే రాడ్డుకు ఎవరూ చూడకుండా ఆముదం రాశాను. అతుకు నిండా బుడగలు లేచాయి, చుట్టూ మసి. ముసుగు పైకెత్తి రాడ్డు వాసన చూశాడు. తర్వాత నిమ్మళంగా నా దగ్గరికి వచ్చి నా తల వాసన చూశాడు.

"గీ ఆముదం నెత్తికే పెట్టుకో అన్నా, ఎంటికలన్న పెరుగుతయ్. రాడ్డుకు పెడితే తూట్లు పెరుగుతయ్."

షెడ్డంతా గొల్లున నవ్వింది. అతను గుడ్డ ముక్క నా చేతిలో పెట్టి, "వండేటోడు చేతులు కడుక్కుంటడా లేదా? అతికేటోడు గూడ గంతే," అన్నాడు. అప్పట్నుంచి గొట్టం అంచులూ రాడ్డూ తుడవకుండా నేను ముసుగు దించింది లేదు.

ఎంత ఉక్కపోసినా పంకా వేయనిచ్చేవాడు కాదు. ఆర్గాన్ గ్యాసు కంటికి కనపడదు, కరిగే లోహానికి గాలి సోకకుండా కప్పి ఉంచుతుంది. "గ్యాసు నీడల కరగాలె లోహం. గాలొస్తే నీడ కొట్టుకపోతది. నువ్వు టార్చి పండవెడితే గూడ గంతే," అంటూ నా మణికట్టు పట్టుకుని, పక్కకు వాలిన టార్చిని నిలబెట్టేవాడు. నేర్పడమంతా ఆ పట్టులోనే ఉండేది. గ్యాసు వెల్డింగు అలవాటు కొద్దీ పని కాగానే చెయ్యి లాక్కునేవాణ్ణి. వదిలేవాడు కాదు. "వెలుగు ఆరినంక గూడ చెయ్యి తియ్యొద్దన్నా. ఎర్రదనం పోయేదాంక గ్యాసు దాని మీద పోనియ్యాలె. గుంజుకుంటివా, చివర్ల గుంట పడ్తది, గుంటల పగులొస్తది." లోహం చల్లారేదాకా నా మణికట్టు అతని చేతిలోనే ఉండేది. అప్పుడు, "ఇగ తియ్యన్నా," అని వదిలేవాడు.

వేములవాడలో నా బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించి వచ్చి, ఇంట్లో భోజనాలు పెట్టుకున్నాం. ఉస్తాద్‌ను నేనే పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిల్లకు గిలక్కాయ పట్టుకుని వచ్చాడు. గడపలో మా అవ్వ అడిగింది, "ఎవలోల్లు బిడ్డా నువ్వు?" దాచకుండా కులం చెప్పాడు. అవ్వ కసురుకోలేదు. కసురుకునే మనిషి కాదామె. "గట్లనా. జర గీడ కూసో నాయినా, నీడ మంచిగున్నది," అని పశువుల కొట్టం పక్కన విస్తరి వేసింది. గరిటె ఆకుకు తగలకుండా పైనుంచి జారవిడుస్తూ, "ఇంకింత తిను నాయినా, మొహమాటపడకు," అని కొసరి కొసరి వడ్డించింది. అతను దోసిలి పడితే నీళ్లు ఎత్తునుంచి పోసింది.

నేను కూర బొగాణి పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాను. మేనేజరు నడక మేనేజరు ముందే నడిచి చూపించిన మొనగాణ్ణి! ఆ రోజు నా నోటికి తాళం పడింది. అతను తిని, విస్తరి తనే మడిచి తీసుకుపోయి పారేసి వచ్చాడు. కూర్చున్న చోట తనే నీళ్లు చల్లాడు. "కూర మంచిగున్నది అవ్వా," అని చెప్పి పోయాడు.

మర్నాడు పనిలో నా మోచేతికి ఏదో తగిలింది. చూస్తే రాడ్డు కొస. చెయ్యి పట్టుకునే బదులు, నిలపమన్నా తియ్యమన్నా దూరం నుంచి రాడ్డుతోనే తడుతున్నాడు.

"ఏంది ఉస్తాద్, ఎడ్లను తోలినట్టు తోలుతున్నవ్?"

"ఎద్దువైతే ఫికరే లేకుండె అన్నా, చెప్పినట్టు ఇనేటోనివి."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత అతని చెయ్యి మళ్లీ నా చేతిని తాకలేదు. ఎందుకో నాకు తెలుసు. అడిగితే జవాబు నేనే చెప్పుకోవాలి కాబట్టి అడగలేదు.

ఆర్గాన్ టార్చిలో టంగ్‌స్టన్ సూది ఒకటుంటుంది. మంట దాని కొసనుంచే పుడుతుంది. కరిగిన లోహానికి అది తగిలితే రెండూ చెడతాయి. ఒకరోజు నేను తగిలించాను. "అంటు సోకింది, ఆపు అన్నా," అన్నాడు. "మా అవ్వ లెక్క మాట్లాడవడ్తివి," అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. అతను సూదిని సాన పడుతూ తల ఎత్తకుండానే అన్నాడు:

"గీ పనిల ముట్టరానిది గీ సూదొక్కటే అన్నా. మిగిలినవన్ని కరిగి కలువాలె. కలవకపోతే అది అతుకు గాదు, పైపూత. సూడనీకి నున్నగనే ఉంటది. బరువు పడ్డనాడు ఇడిసిపోతది."

కబురు తెలిసిన రోజు నేను బయల్దేరుతుంటే అవ్వ కళ్లు తుడుచుకుంది. "మంచి పిలగాడు. పోయి రా బిడ్డా. దూరం కెల్లి సూసి రా, ముట్టకు," అంది. బస్సులో బోథ్ దాకా అవ్వకు చెప్పాల్సిన జవాబులు వెతుక్కుంటూ పోయాను. ఒక్కటీ ఇంట్లో రాలేదు, అన్నీ బస్సులోనే వచ్చాయి.

అతని బాపు నన్ను పోల్చుకున్నాడు. "నువ్వేనా మావోడు చెప్పే అన్నవు? నవ్విపిస్తవని ఒక్కతీరుగ చెప్తుండె." పెట్టె లేపేటప్పుడు ఒక మూలకు మనిషి తక్కువయ్యాడు. "జర ఓ చెయ్యి వెయ్యి బిడ్డా," అన్నాడు ముసలాయన.

నేను వెయ్యననలేదు. ఒక్క ఊపిరి సేపు నా చెయ్యి లేవలేదు, అంతే. ముసలాయన చూశాడు. ఇలాంటి చేతుల్ని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాడు. "పర్వలే బిడ్డా, మావోల్లున్నరు," అన్నాడు, అడగడం తన తప్పయినట్టు. అప్పుడు గబగబా దూరి భుజం పెట్టాను. సమాధుల దాకా మోశాను, ఎవరు మారతామన్నా ఇవ్వలేదు. చూసినవాళ్లకు నున్నగానే కనపడి ఉంటుంది. ఆ ఊపిరి సేపట్లో అది అతుకో పైపూతో తేలిపోయింది. నాకు తెలుసు, ముసలాయనకు తెలుసు.

ప్రార్థన అయింది, మట్టి పోశారు, జనం వెళ్లిపోయారు. నేను కూర్చుని మట్టి మీద అరచెయ్యి పెట్టాను. పగటి ఎండకు కాగి ఉంది. కాస్త దూరంలో అతని బాపు నిలబడ్డాడు. పొద్దు గుంకింది. చెయ్యి కింద వేడి మెల్లగా దిగిపోతోంది. మోచేతికి రాడ్డు కొస ఎప్పుడు తగులుతుందా అని అలాగే కూర్చున్నాను.