పక్కింటి తాతగారి కంఠత వాక్యం

పక్కింటి తాతగారు పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఉన్నాను. రాత్రి నిద్రలోనే పోయారట. ఆమె షికాగో నుంచి అప్పుడే బయల్దేరిందట. జాగ్రత్తగా డ్రైవ్ చేయమని చెప్పి మీటింగ్‌కి వెళ్ళిపోయాను. అమెరికాలో, ఈ బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగాల మీద బతికే మాబోటివాళ్ళు ఏడవాలన్నా ముందు క్యాలెండర్ చూసుకోవాలి.

ఆయన్ని తాతగారు అనడం మా పిల్లలు మొదలుపెట్టారు. ఇక్కడ పెద్దవాళ్ళందరూ వాళ్ళకు అంకుల్సే గానీ, ఈయన అంకుల్ వయసు దాటిపోయిన మనిషి. ఇప్పుడు పటంలో ఆ పేరుతో లేని ఒక కమ్యూనిస్టు దేశం ఆయనది. అక్కడ కవి. ప్రభుత్వం అచ్చు వేయనివ్వని పుస్తకాలను తన వంటింట్లోనే దొంగచాటుగా తయారుచేసి పంచారు. చప్పుడు వినపడకుండా టైపు మిషన్ కింద దుప్పటి మడతపెట్టి, పల్చటి కాగితాల మధ్య కార్బన్లు పెట్టి, వేళ్ళు వాచేలా కొట్టేవారట. అడుగు కాపీలో అక్షరాలు కనీ కనపడకుండా ఉండేవి. దాన్ని కళ్ళు బాగున్న కుర్రవాళ్ళకు ఇచ్చేవారట. చదివినవాళ్ళు తామూ కూర్చుని టైపు కొట్టి ఇంకొందరికి ఇవ్వాలి, ఆ పుస్తకానికి అదే వెల. ఇందుకు ఆయన జైల్లో కూడా ఉన్నారు.

ఎంత ధైర్యమండీ అని మావాళ్ళెవరైనా అంటే మాత్రం ఆయనకు విసుగొచ్చేది. "ధైర్యం కాదు, ఏమీ కాదు. మేం ఎప్పుడూ నిద్ర చాలని మనుషులం, అంతే" అనేవారు.

ముఖ్యమైన మాట ఏది చెప్పాలన్నా ముందు వంటింటి కుళాయి తిప్పేవారు. గోడలకు చెవులుంటాయని మనం మాటవరసకు అంటాం. వాళ్ళ ఊళ్ళో నిజంగానే ఉండేవి, నీళ్ళ చప్పుడే వాటికి అడ్డం. నేనేమో కాకినాడలో వీధి కుళాయి దగ్గర బిందెలు మోసి పెరిగినదాన్ని. నీళ్ళు అలా ఊరికే పోతుంటే నా ప్రాణం ఉసూరుమనేది. నేను లేచి కట్టేసేదాన్ని, ఆయన మళ్ళీ తిప్పేవారు. కూతురు ఈ నెల ఫోన్ చేయలేదని చెప్పాలన్నా కుళాయే, నా కాంట్రాక్టు రెన్యూ అయిందా అని అడగాలన్నా కుళాయే.

మా తెలుగు చర్చిలో పిల్లలకు వారం వారం కంఠత వాక్యం ఇస్తారు. బైబిల్లో ఒక వచనం చూడకుండా అప్పజెప్పాలి. మా పిల్లలు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, ళ అంతా ల చేసి, సగం అర్థం తెలియకుండానే గడగడా చదివేస్తారు. ఒకరోజు పెరట్లో అలా చదువుతుంటే తాతగారు కంచె అవతల నిలబడి చివరిదాకా విన్నారు. పిల్లలకు అర్థం తెలుసా అని నన్ను అడిగారు. కొంచెం సిగ్గుపడి, పెద్దగా తెలియదన్నాను. ఆయన ముఖం వెలిగింది. నీకూ చిన్నప్పుడు ఇదే అలవాటా అని అడిగి, అవునంటే, లోపలికి రమ్మని కుళాయి తిప్పారు.

ఆయన జైల్లో ఉండగా భార్య ఒక కవిత అల్లిందట. ములాకత్‌కి వచ్చినప్పుడల్లా ఇంటి కబుర్లలో కలిపి, కాపలావాడు కనిపెట్టకుండా, ఒక్కో పాదం చెప్పి వెళ్ళేది. కాగితం మీద మాత్రం పెట్టవద్దంది. కాగితం దొరికితే అంతా చెప్పేస్తుంది, నువ్వు దొరికినా నోరు విప్పవు అందట. ఆయన విడుదలయ్యేసరికి ఆమె లేదు. ఆ కవిత ఇన్నేళ్ళూ ఆయన నోట్లోనే ఉంది. ఈమధ్య ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పాలడబ్బా అలమరలో పెట్టి మరిచిపోతున్నారు. మొన్న ఒక పాదం సాయంత్రం దాకా గుర్తు రాలేదట. తనతోపాటు అదీ పోతుందని ఆయన భయం. దాన్ని నన్ను కంఠత పట్టమన్నారు.

నాకు మీ భాష ఒక్క ముక్క రాదు కదా అన్నాను.

"అందుకే నీకు. మా కవులకు నేర్పితే, అర్థం తెలుసు గనక, తమకు తోచినట్టు బాగుచేసి తిరిగిచ్చేవాళ్ళు."

మరి మీ అమ్మాయికి చెప్పవచ్చు కదా అంటే కుళాయి ఇంకొంచెం తిప్పారు. ఆమెకు ఆ భాష సగమే వచ్చు. తల్లిని పోగొట్టిన దేశం పేరెత్తితే గదిలోంచి లేచి వెళ్ళిపోతుంది. "తనంతట తను వాళ్ళమ్మ గురించి అడిగిననాడు చెప్పు. అడక్కపోతే వద్దు" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే మావారు తల పట్టుకున్నారు. "ఆఫీస్ పని చాలక నీకిదొకటా? ఫోన్‌లో రికార్డ్ చేసేయ్, అయిపోద్ది."

మర్నాడు ఫోన్ తీస్తే తాతగారు దాన్ని నెమ్మదిగా నా చేతిసంచిలో పెట్టేశారు. "రికార్డింగ్ నిఘావాళ్ళ పని. గుర్తుపెట్టుకోవడం మన పని."

ఆఫీసు నుంచి ఒళ్ళు హూనమై వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆ వంటింట్లో కూర్చునేదాన్ని. ఒక్కో పాదం నోట పట్టడానికి వారాలు పట్టింది. నేను ఆగితే ఆయన మాట అందించేవారు, అచ్చం మా సండే స్కూలు టీచరమ్మలాగే. ఓపిక లేక మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఆయన తలుపు తీసి నిలబడి ఉంటే మానలేకపోయేదాన్ని. మొదటిసారి మొత్తం అప్పజెప్పినప్పుడు, చిన్ననాటి అలవాటు, చివర "ఆమెన్" అనేశాను. ఆయనేమో దేవుడి మీద నమ్మకం లేని మనిషి. నాలుక కరుచుకున్నాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "ఉండనీ. ఏ చేతిలోంచి వచ్చిన కాపీకి ఆ చేతి గుర్తు ఉంటుంది."

అంత్యక్రియలకు కొద్దిమందే వచ్చాం. తర్వాత వాళ్ళమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తుంటే సాయం వెళ్ళాను. పళ్ళాలు పేపర్లో చుడుతూ, తలెత్తకుండా అడిగింది. "మా అమ్మ గురించి ఆయన మీకేమైనా చెప్పేవారా? నేను ఎప్పుడూ అడగలేదు, ఆయన్ని చెప్పనివ్వలేదు."

నేను లేచి కుళాయి తిప్పాను. ఎందుకు తిప్పానో నాకే తెలియదు. తర్వాత మొదలుపెట్టాను.

సగం దాటాక ఒక మాట దగ్గర ఆమె చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది. "అది మళ్ళీ అనండి." మళ్ళీ అన్నాను. ఏదో పువ్వు పేరో, పిట్ట పేరో అనుకుని ఇన్నాళ్ళూ పలికిన మాట అది. అది ఆమె ముద్దుపేరట. అమ్మ ఒక్కతే అలా పిలిచేదట. అమ్మ పోయాక నాన్న నోట కూడా వినలేదట.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు ఆమె షికాగో నుంచి ఫోన్ చేస్తుంది. నేను పాదం చెబుతాను, ఆమె అప్పజెబుతుంది. ఎక్కడైనా తడబడితే అందిస్తాను. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ ఆగిపోతుంది. ఫోన్‌లో ఆమె వైపు కుళాయి నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపిస్తుంటుంది. ఆగింది మరిచిపోయి కాదని నాకు తెలుసు. అక్కడ నేను అందించను.