బావ చేతికి ఎముక మొలిచింది

మా అక్కను చేసుకున్న కొత్తలో బావ గురించి మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. "మనిషి బంగారం. చేతికి ఎముక లేదు, అంతే." ఆ 'అంతే'లో ఎంతుందో మాకప్పుడు తెలియలేదు.

బావది లేతు మిషను మీద పని. నీళ్ళ పంపులకు షాఫ్టులు చేసే వర్క్‌షాపు. రేకుల కప్పు, నూనె వాసన, నాలుగడుగులు వేస్తే చెప్పుల అడుగున గుచ్చుకునే ఇనుప రజను. వెంట్రుకవాసి తేడా వచ్చినా షాఫ్టు పనికిరాదు. బావ చేతిలో ఆ తేడా వచ్చేది కాదు. జీతం బాగానే ఉండేది. ఉండేదే గాని, మొత్తం ఇల్లు చేరేది కాదు. సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గర ఎంతమంది నిలబడ్డా, చివరి మనిషి గ్లాసు కింద పెట్టేలోపే బావ చెయ్యి జేబులో ఉండేది. ఎవరింట్లో పెళ్ళయినా అందరికంటే పెద్ద కానుక ఆయనదే. వర్క్‌షాపులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ దొరగారే.

కాలేజీకి దగ్గరని నేనప్పుడు వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. రెండు గదుల అద్దె వాటా. ముందు గదిలో నేను, నా పుస్తకాలు, అక్క కుట్టు మిషను. లోపలి గదిలో అక్క, బావ, అప్పుడప్పుడే మాటలు వస్తున్న నా మేనకోడలు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, దాన్ని కళ్ళారా చూసింది అక్కడే. బావ చొక్కా ఇస్త్రీ నలిగేది కాదు. వంటింట్లో మాత్రం అక్క నూనె డబ్బాను గిన్నె మీద బోర్లించి ఆఖరి బొట్టు కోసం కాచుకుని ఉండేది. అడిగితే, "వచ్చే నెల సర్దుకుంటుందిలే" అనేవాడు బావ. ఆ వచ్చే నెల, వస్తానని కబురు పెట్టి ఎప్పటికీ రాని చుట్టం లాంటిది.

వాళ్ళ జీవితం మలుపు తిరిగిన రోజు నాకు బాగా గుర్తు. బావకు వడ్డీకి డబ్బిచ్చిన ఒకాయన ఉండేవాడు. దళసరి అద్దాల వల్ల అందరూ కళ్ళజోడాయన అనేవాళ్ళు. ఆ నెల వడ్డీ ఆలస్యమైందని నేరుగా వర్క్‌షాపు గేటు దగ్గరికే వచ్చాడు. బావ టీ కొట్టు దగ్గరే ఉన్నాడు. మనిషి కనపడగానే అలవాటు కొద్దీ, "ఈయనకీ ఒక టీ" అన్నాడు. కళ్ళజోడాయన తీరిగ్గా తాగాడు. బావ అందరి టీలకూ డబ్బులివ్వడం చూశాడు. చూసి, చాలా మర్యాదగా అన్నాడు.

"నా డబ్బుతో నాకే టీ పోయిస్తున్నావయ్యా. బాగుంది. టీ కూడా బాగానే ఉంది."

అందరూ నవ్వారు. టీ కొట్టతను కూడా నవ్వాడు. "నేనూ నవ్వాను రా" అని తరవాత నాతో చెప్పాడు బావ. "నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి. ఆపితే మొహం ఎలా ఉంటుందో అని భయమేసింది."

ఆ రోజు ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అక్క బియ్యం ఏరుతోంది.

"నీకో సంగతి చెప్పాలి" అన్నాడు.

"అప్పు సంగతేగా. ఎంత?"

"చెప్తే తిడతావు."

"చెప్పకపోతే తిట్టనా?"

చెప్పాడు. కళ్ళజోడాయన దగ్గరిది, వర్క్‌షాపులో తీసుకున్న అడ్వాన్సు, బట్టల కొట్టు వాయిదాలు, కిరాణా బాకీ. అక్కకు వీటిలో కిరాణా ఒక్కటే తెలుసు. అన్నీ కలిపితే ఏడాది జీతానికి పైమాటే. నేను ముందు గదిలో పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అక్క చేటలో బియ్యం అటూ ఇటూ కదిలిస్తూనే ఉంది. చివరికి అంది.

"నన్ను తిట్టమంటావా, లెక్క కట్టమంటావా? రెండూ ఒకేసారి నావల్ల కాదు."

బావ లెక్కే కోరుకున్నాడు. తిట్లు వాయిదాల మీద వచ్చాయనుకోండి, అది వేరే సంగతి.

మొదటి గొడవ ఎవరికి ముందు కట్టాలన్న దాని మీద. కళ్ళజోడాయనకే అన్నాడు బావ. మనం పడుకున్నా వడ్డీ పడుకోదు గదా అని ఆయన వాదన. అక్క కిరాణా కొట్టుకే అంది. "ఆ కొట్టాయన మొహం నువ్వు చూడవు. నేను చూడాలి, రోజూ." ఇద్దరిదీ న్యాయమే. కొట్టాయనకు వారం వారం కొంచెం, ఇక మీదట అక్కడ ఏది కొన్నా రొక్కం. మిగిలిందంతా కళ్ళజోడాయనకు. అలా తెగింది.

దాంతో బావకు ఆవేశం పట్టుకుంది. బస్సు మానేస్తానన్నాడు, ఒంటిపూట తింటానన్నాడు, మంచం అమ్మేద్దామన్నాడు. అక్క వింటూ ఉండి, "నీ మిషను మీద షాఫ్టును ఒకేసారి లోతుగా కోస్తావా?" అంది.

"కోస్తే టూలు విరగదూ?"

"మరి?"

మంచం ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది.

ఆ తరవాత వాళ్ళు చేసినవి చెబితే ఇంతేనా అనిపిస్తాయి. కిరాణాకు వెళ్ళేముందు అక్క డబ్బాలన్నీ మూతలు తీసి చూసేది. ఉన్నదాన్ని మళ్ళీ కొనడమే సగం ఖర్చు అని అప్పుడు బయటపడింది. బజారుకు ఎప్పుడూ తిన్నాకే బయల్దేరాలి. ఆకలి మీద వెళ్తే కొట్టు మొత్తం కావాలనిపిస్తుందని బావే అనేవాడు. కారే కొళాయికి ఆయనే వాషరు వేశాడు. మోత పెట్టే ఫ్యానుకు బేరింగు మార్చాడు. సాయంత్రాలు ఒక్క గదిలోనే దీపం. అందువల్ల నేనూ పుస్తకాలు పట్టుకుని వాళ్ళ గదిలోకే చేరాల్సి వచ్చింది. చదువు కంటే కబుర్లు ఎక్కువయ్యాయి గాని, ఆ ఇంట్లో నలుగురం ఒకచోట కూర్చోవడం అప్పుడే మొదలైంది. జుట్టు కూడా ఇంట్లోనే కత్తిరిస్తానంది అక్క. మొదటిసారి బావకు ఒక చెవి మీద ఒకలా, రెండో చెవి మీద ఇంకోలా వచ్చింది. అద్దంలో చూసుకుని, "మంగలికిచ్చే డబ్బు వృథా ఖర్చు కాదేమో" అన్నాడు. ఆ ఒక్క పొదుపునూ ఇద్దరూ మాట్లాడుకుని రద్దు చేశారు.

ఏదైనా కొనాలనిపిస్తే వెంటనే కొనకూడదు, "ఆదివారం చూద్దాం" అనుకోవాలి. ఇది బావ పెట్టిన నియమం. ఆదివారం దాకా కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు. సోమవారం ప్రాణం పోయేంత అవసరమైన వస్తువు శనివారానికి గుర్తుకూడా ఉండేది కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, టీ కొట్టు ఒక ఎత్తు. జీతం అక్క చేతికిచ్చి, బస్సు చార్జీకి, ఒక్క టీకి మాత్రమే జేబులో వేసుకునేవాడు. కొన్నాళ్ళు టీ కొట్టు ముందు నుంచి వెళ్ళలేక వర్క్‌షాపు వెనక గేటు నుంచి జారుకున్నాడు. సంగతి అక్కకు తెలిసింది.

"దొంగతనం చేశావా, వెనక గేటు నుంచి రావడానికి? వెళ్ళి నిలబడు. నీ టీ నువ్వు తాగు."

మర్నాడు నిలబడ్డాడు. తాగాక ఒక్క టీ డబ్బులు బల్ల మీద పెట్టాడు. కొట్టతను మిగతావాటి కోసం చెయ్యి చాపే ఉన్నాడు.

"ఒకటేనా?"

"ఒకటే" అన్నాడు బావ.

రోజంతా మిషను దగ్గర నిలబడ్డా పట్టనంత చెమట ఆ ఒక్క మాటకు పట్టిందట. ఆ వారంలోనే చుట్టూ ఉన్న గుంపు పలచబడింది. దొరగారన్న పిలుపూ పోయింది. వెల్డరు ఒక్కడే మిగిలాడు, తక్కువ మాటల మనిషి. ఒకరోజు అతను రెండు టీలకు డబ్బులిచ్చి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. "ఇన్నేళ్ళలో ఇంకొకడి డబ్బుతో టీ తాగడం నాకదే మొదటిసారి" అన్నాడు బావ ఇంటికొచ్చి. "ఇచ్చేవాడికి ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. పుచ్చుకునేవాడికి ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది."

మధ్యలో జారిపడకపోలేదు. పక్క మిషనువాడికి కొడుకు పుడితే, వర్క్‌షాపు మొత్తానికి మిఠాయి అరువు మీద తెచ్చి పంచాడు. ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడవక ముందే అక్కకు చెప్పేశాడు. అక్క తిట్టింది. తిట్టాక నా దగ్గరికొచ్చి, "మీ బావ బాగుపడుతున్నాడు రా" అంది. మునుపైతే ఆ సంగతి ఆర్నెల్ల తరవాత మిఠాయి కొట్టువాడు వచ్చి చెప్పేవాడు మరి.

అన్నిటికంటే కష్టమైంది బావ వాళ్ళ అక్క కొడుకు పెళ్ళి. ఆ పిల్లాడికి గొలుసు చేయిస్తానని బావ ఎప్పుడో, చేతికి ఎముక లేని రోజుల్లో, నలుగురిలో మాటిచ్చాడు. పెళ్ళికి చాలా ముందే వాళ్ళక్క ఇంటికి వెళ్ళి, కూర్చోకుండానే చెప్పాడు.

"గొలుసు నావల్ల కాదక్కా."

ఆవిడ మొహం మాడిపోయింది. "నలుగురిలో నా పరువేం కావాలి? అప్పు చేసైనా పెట్టలేవా?"

"ఇన్నాళ్ళూ అప్పు చేసే పెట్టానక్కా."

పెళ్ళికి అందరికంటే ముందు వెళ్ళాడు. కుర్చీలు మోశాడు, చెడిపోయిన మోటారు బాగుచేశాడు, వచ్చినవాళ్ళకు వడ్డించాడు, ఆఖరున గిన్నెలు లెక్కచూసి అప్పగించాడు. ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తరవాత కూడా నెల నెలా వెళ్ళేవాడు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఆయన నీళ్ళు తాగి వచ్చేసేవాడు. "ఎందుకు బావా వెళ్ళడం?" అంటే, "నీళ్ళిస్తోంది గదరా" అనేవాడు. ఏడాది దాటాక ఓసారి నీళ్ళతో పాటు ఆవిడ కూడా వచ్చి కూర్చుందట. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ చెప్పలేదు.

అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టింది. ముందు కిరాణా, తరవాత బట్టల కొట్టు, అడ్వాన్సు, ఆఖరున కళ్ళజోడాయన. ఆయన కాగితం తిరిగిస్తూ, "ఎప్పుడు కావాలన్నా రా, నీకు లేదనను" అన్నాడు. బావ నమస్కారం పెట్టి వచ్చేశాడు. ఆ తరవాతి నెల అక్క ఒక పని చేసింది. కట్టాల్సిన వాయిదా లేకపోయినా అంతే డబ్బు తీసి బ్యాంకులో వేసింది. "లేకుండా బతకడం అలవాటైంది గదా, ఆ అలవాటు ఎందుకు చెడగొట్టుకోవడం?" అంది. అప్పు లేని నెలలో కూడా డబ్బాల మూతలు తీసే చూసింది.

దాని విలువ వర్క్‌షాపు మూతపడినప్పుడు తెలిసింది. ఓనరు స్థలం అమ్ముకున్నాడు. అదే అదనని ఒక కంట్రాక్టరు వచ్చి సగం జీతానికి పనిస్తానన్నాడు. ఇంటద్దెలు, వాయిదాలు నెత్తి మీదున్న చాలామంది ఆ రోజే ఒప్పుకున్నారు. బావ ఒప్పుకోలేదు. బ్యాంకులో ఏడెనిమిది నెలల తిండి ఉంది. ఇంట్లో కూర్చుని కూతురికి లెక్కలు చెప్పాడు, వీధిలోవాళ్ళ కొళాయిలు బాగుచేశాడు. ఆయన పని తెలిసిన ఇంకో కంపెనీవాళ్ళు మూడో నెలలో పిలిచి పాత జీతం కంటే ఎక్కువే ఇచ్చారు. ఆ మూడు నెలలూ ఆయన మొహంలో నేను దిగులు చూడలేదు. 'వద్దు' అనగలిగిన మనిషి మొహం అలా ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ రోజుల్లోనే వెల్డరు వచ్చి అప్పడిగాడు. బావ లోపలికి వెళ్ళి అక్కతో మాట్లాడి వచ్చాడు. "అప్పుగా అయితే పైసా ఇవ్వను" అన్నాడు. అతని మొహం వాడిపోయింది. బావ కవరు చేతిలో పెట్టాడు. "అడిగినంత లేదు. ఇంతే ఉంది. ఇది నీది, తిరిగివ్వక్కర్లేదు. నన్ను చూసి నువ్వు పక్క సందులోకి తప్పుకునే పరిస్థితి నేను తేలేను." వెల్డరు వెళ్ళేటప్పుడు అక్క అతని చేతికి బియ్యం సంచి ఇచ్చింది.

బావ పొదుపరి అయ్యాడంటే కొందరు పిసినారి అనుకుంటారు. కాదు. ఇదివరకు లేనిది ఇచ్చేవాడు, ఇప్పుడు ఉన్నది ఇస్తున్నాడు, అంతే తేడా.

మొన్నీమధ్య నా మేనకోడలు ఉద్యోగంలో చేరింది. మొదటి నెలలోనే వాయిదాల మీద ఖరీదైన ఫోను తీసుకుంటానంది. నేను అక్కడే ఉన్నాను. ఇల్లు అదిరిపోతుందనుకున్నాను.

"వడ్డీ లేదు నాన్నా. తప్పేముంది?" అంది.

"తప్పేం లేదమ్మా. వచ్చే నెల జీతం ఈ నెలే ఖర్చు పెడుతున్నావు, అంతే. ఆ నెలలో ఏం తినాలో కూడా ఈ నెలే ఆలోచించి పెట్టుకో."

కొనేసింది. అక్క రెండు రోజులు మూతి ముడుచుకుంది. బావ మాత్రం, "దాని సంపాదన. దాని దవడలు దానికి నొప్పెట్టాలి గాని నావి కాదు" అన్నాడు. ఆ పిల్ల ఆఫీసుకు క్యారియరు పట్టుకెళ్ళి, ఆటోలు మానుకుని, గడువుకు ముందే వాయిదాలన్నీ కట్టేసింది. కట్టిన రోజు వచ్చి తండ్రి పక్కన కూర్చుని ఫోను ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచు వెంట బొటనవేలు నడిపి చూశాడు.

"పనితనం బాగుంది" అన్నాడు.